భాషావిద్యార్థిగా విదేశవాసం

విదేశానికి వెళ్ళి చదువుకొనవలెననే కోరిక ఒకప్పుడు నగరాలలోని ఏ కొద్ది కుటుంబాలకో పరిమితమై ఉండేది. నేడది వరాహనది ఒడ్డున ఉన్న బలిఘట్టం వంటి ఊళ్ళకు కూడా చేరింది. నర్సీపట్నం పరిసరాలలో చెరకు, వరి పండించే ఇంటిలోని కుర్రవాడు పట్టపరీక్ష ముగియగానే జపాను పేరో, జర్మనీ పేరో తలిస్తే ఇప్పుడెవరూ ఆశ్చర్యపడరు. ఆ దేశపు భాష నేర్చుకొనడానికని వెళ్ళి, క్రమంగా అక్కడనే నిలదొక్కుకొనవచ్చునని చెప్పేవారు ఉన్నారు. ఈ మాటలో నిజమెంత? ఆ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? పొలం తాకట్టు పెట్టడానికి ముందే ప్రతి కుటుంబమూ తెలుసుకొనవలసిన విషయమిది.

బలిచక్రవర్తి యాగం చేసిన చోటు బలిఘట్టమేనని అక్కడి స్థలపురాణం చెబుతుంది. వామనుడు మూడడుగుల నేల అడిగి ముల్లోకాలూ ఆక్రమించిన కథ మనకు తెలిసినదే. కాని ప్రవేశానుమతి, అనగా వీసా, ఇచ్చే దేశం బలిచక్రవర్తి వంటి దాత కాదు. మూడడుగులు అడిగినవానికి మూడడుగులే కొలిచి ఇస్తుంది. ఏ పనికి అడిగామో ఆ పనికే, ఎంత కాలానికి ఇచ్చారో అంత కాలానికే అది చెల్లుతుంది. నాలుగవ అడుగు వేయదలచినవారు మరల దరఖాస్తు పెట్టుకొని, మరల అర్హత నిరూపించుకొనవలె.

జపాను పద్ధతిని ఉదాహరణగా తీసుకొందాం. అక్కడ విదేశీయుల కొరకు భాషాపాఠశాలలు ఉన్నాయి. తరగతులు ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలలలో ప్రారంభమవుతాయి. మొదట పాఠశాల మనలను చేర్చుకొనడానికి అంగీకరించి, మన తరఫున అక్కడి వలసశాఖకు దరఖాస్తు చేస్తుంది. విద్యార్హతలు, జపనీసులో కొంత ప్రవేశం, ఖర్చులు భరించేవారి ఆదాయం మొదలైనవాటిని ఆ శాఖ పరిశీలించి అర్హతాపత్రం ఇస్తుంది. ఈ పత్రం సాధారణంగా మూడు నెలలు చెల్లుతుంది. దానిని చూపి మన దేశంలోని జపాను రాయబార కార్యాలయం లేక కాన్సులేటు ద్వారా వీసా పొందాలి. ఆంధ్రప్రదేశ్ వారికి సంబంధించిన కాన్సులేటు చెన్నైలో ఉన్నది. జపానులో దిగిన తరువాత నివాసపు కార్డు ఇస్తారు. ఇల్లు కుదిరిన పదునాలుగు రోజులలోగా ఆ చిరునామాను స్థానిక పురపాలక కార్యాలయంలో నమోదు చేయించుకొనవలె.

అలా చేరినవానికి లభించేది 'ర్యూగాకు', అనగా విద్యార్థి హోదా. భాషాపాఠశాలలో ఈ హోదాతో ఉండగలిగేది గరిష్ఠంగా రెండు సంవత్సరాలు. రెండేళ్ళు గడచిన పిమ్మట మరొక భాషాపాఠశాలలో చేరి కాలం పొడిగించుకొందామంటే ఆ ఎత్తు సాగదు. కనుక భాషావిద్య వంతెన వంటిది. దాని మీద నడచి ఆవలి ఒడ్డుకు చేరవలె గాని, దాని మీదనే ఇల్లు కట్టుకొనడానికి వీలులేదు.

ఆవలి ఒడ్డున ముఖ్యంగా మూడు ద్వారాలు ఉన్నాయి. మొదటిది పై చదువు: విశ్వవిద్యాలయంలో గాని, 'సెమ్మోన్ గక్కో' అనే వృత్తివిద్యాలయంలో గాని చేరడం. రెండవది ఉద్యోగం: పట్టభద్రుడైనవాడు తాను చదివిన విషయానికి సంబంధించిన కొలువు సంపాదించి, ఉద్యోగి హోదాకు మారడం. మూడవది 2019 ఏప్రిల్‌లో ఏర్పడిన 'నిర్దిష్ట నైపుణ్యం' అనే హోదా. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, భోజనశాలలు వంటి రంగాలలో పనిచేయడానికి ఇది ఉద్దేశింపబడినది. దీనికి ఆ రంగపు నైపుణ్య పరీక్షతో పాటు జపనీసు భాషాపరీక్షలో కూడా ఉత్తీర్ణులు కావలె. ఈ విషయమై భారత, జపాను ప్రభుత్వాల మధ్య 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. ద్వారం ఏదైనా కానివ్వండి, తాళపుచెవి మాత్రం భాషయే.

శాశ్వత నివాసం మాట వేరు. సాధారణంగా పదేళ్ళు ఎడతెగకుండా జపానులో నివసించి ఉండవలె. అందులో కనీసం ఐదేళ్ళు ఉద్యోగం వంటి హోదాలో గడచి ఉండవలె. విద్యార్థిగా గడిపిన కాలం పదేళ్ళ లెక్కలోనికి వస్తుంది గాని, ఈ ఐదేళ్ళ లెక్కలోనికి రాదు. నిర్దిష్ట నైపుణ్యంలోని మొదటి తరగతి కాలం కూడా ఆ ఐదేళ్ళలో చేరదు. 'రెండేళ్ళు భాష చదివితే స్థిరనివాసమే' అని ఎవరైనా చెబితే, వారికి చట్టం తెలియదనో, తెలిసి దాచుతున్నారనో అనుకొనవలె.

జర్మనీలో హద్దు ఇంకా దగ్గర. అక్కడ భాష నేర్చుకొనడం కొరకే ఇచ్చే అనుమతి సాధారణంగా ఒక సంవత్సరానికి మించదు. వారానికి 18 పాఠ్యగంటలకు తగ్గని తరగతులలో చేరి ఉండవలె. వారానికి 20 గంటల వరకు పనిచేసుకొనే వీలు 2024 మార్చి నుండి కల్పించారు. విశ్వవిద్యాలయంలో చేరే ఉద్దేశంతో ముందుగా భాష చదివేవారికి నియమాలు వేరుగా ఉంటాయి. ఈ రెండింటి భేదం తెలుసుకొనక ఒకదానికి బదులు మరొకటి అడిగినవారు తరువాత చిక్కులలో పడతారు.

ఇక డబ్బు విషయం. 'అక్కడ పనిచేసి అప్పు తీర్చుకొంటాడు' అనేది మన ఇళ్ళలో తరచు వినవచ్చే మాట. లెక్క వేసి చూద్దాం. జపానులో విద్యార్థి ప్రత్యేకానుమతి పొంది వారానికి 28 గంటలు మాత్రమే పనిచేయవచ్చును. పాఠశాలకు దీర్ఘకాలపు సెలవులిచ్చినప్పుడు రోజుకు 8 గంటల వరకు అనుమతి ఉంటుంది. 2024 అక్టోబరులో టోకియో నగరపు కనీస వేతనం గంటకు 1,163 యెన్లు. ఆ లెక్కన నాలుగు వారాలకు వచ్చేది సుమారు 1,30,000 యెన్లు. పాఠశాల రుసుము సంవత్సరానికి 8 లక్షల యెన్లు అనుకొంటే, నెలకు 66,000 పైచిలుకు దానికే పోతుంది. మిగిలిన 63,000 యెన్లలో గది అద్దె, భోజనం, ఆరోగ్య బీమా, రైలు ఖర్చులు గడవాలి. టోకియోలో అది పొదుపరికి కూడా కష్టమే. ఊరికి పంపడానికి అందులో ఏమి మిగులుతుంది? మిగల్చడానికి 28 గంటలు దాటి పనిచేస్తే నియమభంగమవుతుంది. రాత్రి పనిచేసి ఉదయం తరగతికి పోకపోతే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే అనుమతి పొడిగింపుకు వలసశాఖ అంగీకరించకపోవచ్చును. తగిన కారణం లేకుండా మూడు నెలలు చదువు మానినవాని హోదాను రద్దు చేసే అధికారం కూడా ఆ శాఖకు ఉన్నది. అప్పు తొందరపెట్టగా చదువు పోతుంది. చదువు పోగా నివాసమూ పోతుంది.

చదువు పేరుకు మాత్రమే ఉంటే ఏమవుతుందో తెలుగువారికి చేదు అనుభవమే ఉన్నది. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ప్లెజంటన్ పట్టణంలో ట్రైవాలీ విశ్వవిద్యాలయమనే సంస్థ ఉండేది. 2011 జనవరిలో అధికారులు దానిపై దాడి చేశారు. అందులో చేరిన పదిహేను వందలకు పైబడిన విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారు హెచ్చు. ఐదు వందల మందికి పైగా ఒకే ఇంటి చిరునామాలో ఉంటున్నట్లు ఆ సంస్థ రికార్డులలో చూపించింది. కొందరు విద్యార్థుల కాళ్ళకు జాడ తెలిపే యంత్రాలు తగిలించగా భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారేళ్ళకు మించిన కారాగారశిక్ష పడింది. 2019 జనవరిలో మిచిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ ఉదంతం బయటపడింది. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపినది మారువేషంలో ఉన్న ప్రభుత్వాధికారులే. అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. మొదట నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలోనూ తెలుగువారే అధికం. ఇవి భాషాపాఠశాలలు కావు. అయినా విద్యార్థి అనుమతి ఏ దేశంలోనైనా చదువు అనే ఒక్క ఆధారం మీదనే నిలిచి ఉంటుందని ఈ రెండు ఉదంతాలూ తెలుపుతున్నాయి.

అయితే ఈ దారి పూనడమే తప్పని చెప్పడం మా ఉద్దేశం కాదు. సిద్ధపడి వెళ్ళినవారికి ఇది మంచి దారి. ఆ సిద్ధపాటు బలిఘట్టంలో ఉండగానే మొదలు కావలె. జపనీసు మనకు అందని భాష కాదు. అందులోనూ మన తెలుగులో వలెనే క్రియ వాక్యం చివర వస్తుంది. 'బడికి' అనేచోట మనం నామం తరువాత 'కి' చేర్చినట్లే వారు 'ని' చేర్చి 'గక్కోని' అంటారు. వారి అక్షరాల వరుస 'అ, ఇ, ఉ, ఎ, ఒ' అనీ, పిదప 'క, స, త, న' అనీ సాగుతుంది. భారతీయ వర్ణమాల బౌద్ధం వెంట అక్కడికి వెళ్ళిన గుర్తు ఇది. కష్టమంతా 'కంజి' అనే చిత్రలిపిలో ఉన్నది. నిత్యవ్యవహారానికి నిర్ణయించినవే 2,136 ఉన్నాయి. ఐదు మెట్లుగా జరిగే భాషాపరీక్షలో క్రింది రెండు మెట్లు ఇంటి వద్దనే ఎక్కి వెళ్ళినవానికి అక్కడి రెండేళ్ళు నిజంగా ఉపకరిస్తాయి. అక్షరాలు కూడా రాక వెళ్ళినవానికి ఆ కాలం ఓనమాలకే చాలదు.

తలిదండ్రులు మధ్యవర్తిని అడగవలసిన ప్రశ్నలు మూడు. పాఠశాలకు ఆ దేశ ప్రభుత్వపు గుర్తింపు ఉన్నదా? రుసుము నేరుగా పాఠశాల పేరిటనే చెల్లించవచ్చునా? రెండేళ్ళు ముగిసిన తరువాత పిల్లవాడు ఏ హోదాలోనికి మారగలడు, దానికి ఏ పరీక్ష నెగ్గవలె? ఈ మూడింటికి కాగితం మీద జవాబు రానినాడు పొలం పత్రాలు పెట్టె దాటరాదు. మొదటి సంవత్సరపు రుసుము, ఆరు నెలల భోజనవసతి ఖర్చులు చేతిలో ఉంచుకొని, ఒక మెట్టయినా భాషాపరీక్ష నెగ్గి బయలుదేరిన పిల్లవానికి 28 గంటల హద్దు భారమనిపించదు. వాడు నిశ్చింతగా తరగతిలో కూర్చొనగలడు. అక్కడ నిలిచేదీ, నెగ్గేదీ అట్టివాడే.