ఒక్కసారి రాయండి, పదిసార్లు వాడండి

మీ ప్రోగ్రాంలో పదిచోట్ల వర్గమూలం కనుక్కోవాలి అనుకోండి. అవే వాక్యాలను పదిసార్లూ రాస్తారా? అందులో తప్పు దొర్లితే పదిచోట్లా దిద్దాలి. తొమ్మిది దిద్ది ఒకటి మరిచిపోయారో, జవాబు తప్పినట్లే!

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్‌శాక్ అనే కంప్యూటరు పనిచేయసాగింది. దానిని నిర్మించిన మారిస్ విల్క్స్, తన శేషజీవితంలో చాలాభాగం సొంత ప్రోగ్రాముల్లో తప్పులు వెదకడానికే సరిపోతుందని అప్పుడే గ్రహించారు.

మరి ఉపాయం? వర్గమూలం వంటి పనులకు ఒక్కొక్క చిన్న ప్రోగ్రాం రాసి, పరీక్షించి, రంధ్రాలు చేసిన కాగితపు టేపులపై భద్రపరిచారు. కావలసినవారు దాని నకలును తమ టేపులో చేర్చుకొనేవారు. కంప్యూటరు ఆ చిన్న ప్రోగ్రాంలోకి వెళ్ళి, పని ముగించి, బయలుదేరిన చోటికే తిరిగివచ్చే పద్ధతిని డేవిడ్ వీలర్ రూపొందించారు.

నేటి ఫంక్షన్‌కు మూలం ఇదే. ఒకే కోవకు చెందిన ఫంక్షన్లను ఒక ఫైలులో చేరిస్తే అది మాడ్యూల్.

ఇక మీ వంతు. వర్గమూలానికి ఒక ఫంక్షన్ రాసి, పేరు పెట్టండి. 4 ఇస్తే 2, 9 ఇస్తే 3 వస్తున్నాయా? 0 ఇస్తే? ఋణసంఖ్య ఇస్తే? ముందుగా ఇవి చూశాకే మిగతాచోట్ల వాడండి. తప్పు కనబడినా, దిద్దవలసింది ఒక్కచోటే!