భాషాసామగ్రి భద్రత: అయస్కాంత టేపులలోని దోషములు, వాని పరిశోధన

తాటియాకు గ్రంథమునకు ఆయుర్దాయము పరిమితము. మన ప్రాచీన కావ్యములు నేటికి నిలిచియుండుటకు ప్రతిలేఖనమే ఆధారము. 19వ శతాబ్దమున ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలుప్రతులు తెప్పించి, వానిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ కృషిలో వ్రాతకెంత స్థానము కలదో పోలికకును అంత స్థానము కలదు. మూలముతో సరిచూడని వ్రాతను ప్రతిగా స్వీకరింపరాదని పరిష్కర్తలందరు ఎరుగుదురు. నేడు భాషాసామగ్రి కంప్యూటరులలో చేరినది. దాని ప్రతులు అయస్కాంత టేపులపై వ్రాయబడుచున్నవి. ఈ క్రొత్త ప్రతిలేఖనమునందు పాతసూత్రము తరచు విస్మరింపబడుచున్నది.

దీనివలన కలుగు నష్టము స్వల్పము కాదు. 1991లో ఢిల్లీలోని కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయభాషల సాంకేతికాభివృద్ధికై ఒక పథకమును ఆరంభించెను. దానిక్రింద ఒక్కొక్క భాషకు సుమారు 30 లక్షల పదముల పాఠసంచయమును కూర్చు పని మొదలైనది. హిందీ, పంజాబీ సంచయములు ఢిల్లీ ఐ.ఐ.టి.కిని, తెలుగుతో కూడ దక్షిణభాషల సంచయములు మైసూరులోని భారతీయ భాషాసంస్థకును అప్పగింపబడినవి. ముద్రితగ్రంథమునుండి కూర్చిన సంచయము నశించినను గ్రంథమున్నంతవరకు మరల కూర్చుకొనవచ్చును. క్షేత్రపరిశోధనలో సేకరించిన వాగ్రూపములకు అట్టి అవకాశము లేదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయపద సంపుటమునకు పదములు చెప్పిన రైతుల తరము గతించినది; కపిలమోట వంటి పనిముట్లును పొలములనుండి తొలగినవి. అట్టి ధ్వనిముద్రణ మొకటి నేడు చెడిపోయినచో దానిని మరల చెప్పువారుండరు.

టేపు ఏల?

డిస్కులు చౌకయైన ఈ కాలమున టేపు ఎందులకను ప్రశ్న సహజము. 2011 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ తపాలా సేవలో ఒక సాఫ్ట్‌వేరు దోషము వలన కొందరి ఉత్తరములు, డిస్కులపైనున్న అన్ని ప్రతులతో సహా, అదృశ్యమైనవి. అవి టేపులనుండియే తిరిగి లభించినవి. యంత్రమునుండి తీసి బీరువాలో పెట్టిన టేపును నడుచుచున్న సాఫ్ట్‌వేరు తాకజాలదు. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున దీనికి భిన్నమైన సంఘటన జరిగినది. అచ్చట బ్యాకప్ కార్యక్రమమునకు చెందిన ఒక ఆదేశపత్రమును అది నడుచుచుండగనే మార్చుటచే 77 టెరాబైట్ల పరిశోధనసామగ్రి తుడిచిపెట్టుకొనిపోయినది. 14 పరిశోధకబృందములు నష్టపడగా, వానిలో నాలుగింటి సామగ్రి ఏ ప్రతినుండియు లభింపలేదు. కాపాడుటకు ఏర్పడిన కార్యక్రమమే నాశహేతువైనది.

దోషస్థాన నిర్ణయము

నేడు విశేషముగా వాడుకలోనున్నది 2000 సంవత్సరమున ప్రవేశించిన ఎల్.టి.ఓ. జాతి టేపు. అరయంగుళము వెడల్పుగల ఈ టేపు ఐదవతరమున 846 మీటర్ల పొడవుండి, 1280 జాడలలో 1.5 టెరాబైట్ల సామగ్రిని ధరించును. ఇంత సన్నని జాడలపై వ్రాత సాగునప్పుడు దోషము టేపునందో, డ్రైవునందో, తీగయందో, సాఫ్ట్‌వేరునందో యుండవచ్చును. ఒకేసారి అన్నిటిని మార్చి చూచినచో కారణము తెలియదు. ఒక్కొక్కదానినే మార్చి చూడవలెను.

ఇచ్చట పరిష్కర్త ఎరిగిన తర్కమే ఉపకరించును. పలుప్రతులలో ఒకే తప్పు కనబడినచో వానికి మూలమొకటే యని ఊహింతుము. అట్లే ఒక టేపు అన్ని డ్రైవులలోను తప్పు చూపినచో దోషము టేపుది. ఒక డ్రైవులో అన్ని టేపులు తప్పు చూపినచో దోషము డ్రైవుది. పఠనశిరస్సుపై మాలిన్యము చేరియుండవచ్చును. ఒక డ్రైవు తాను వ్రాసినవానిని తాను చదువుచు, ఆ టేపులను తక్కిన డ్రైవులు చదువలేనిచో, ఆ డ్రైవు అమరిక తప్పినదని భావింపవలెను. ఈ మూడవది మిక్కిలి అపాయకరము. ఆ డ్రైవు పనిచేసినంతకాలము దోషము బయటపడదు. అది పాడైననాడు దానితో వ్రాసిన టేపులన్నియు మూగవోవును.

మాలిన్యమునకు శుభ్రపరచు టేపు కలదు. దానిని సుమారు 50 మారులు వాడవచ్చును. డ్రైవు అడిగినప్పుడే దానిని వాడవలెను. ఊరక వాడినచో శిరస్సు అరిగిపోవును.

వేగమునకు సంబంధించిన చిక్కు వేరొకటి. సామగ్రి తగిన వేగముతో అందనిచో టేపు ఆగి, కొంత వెనుకకు తిరిగి, మరల ముందునకు సాగును. ఈ ముందువెనుకల నడకవలన కాలము వ్యర్థమగుటయే గాక టేపును, శిరస్సును అరుగును. లక్షలకొలది చిన్నఫైళ్లు గల పాఠసంచయములలో ఇది తరచుగా సంభవించును. మొదట వానినన్నిటిని డిస్కుపై ఒక్క పెద్ద ఫైలుగా కూర్చి, పిదప టేపుపై ఏకధారగా వ్రాయుట దీనికి నివారణోపాయము.

ఢిల్లీ వాతావరణము

టేపులను దీర్ఘకాలము దాచుటకు 16 నుండి 25 డిగ్రీల ఉష్ణము, 20 నుండి 50 శాతము తేమ అనువైనవి. ఢిల్లీలో మే, జూన్ మాసములందు ఉష్ణము 45 డిగ్రీలను తాకును. ఆంధీ యను ధూళిగాలి గదులలోనికి చొచ్చును. శ్రావణభాద్రపదములలో తేమ హెచ్చును. పగలు శీతలయంత్రమును నడిపి రాత్రులందును సెలవులందును ఆపివేయుట అలవాటైన కార్యాలయములలో టేపు నిత్యము వ్యాకోచసంకోచముల పాలగును. మితమైన ఉష్ణము స్థిరముగా నుండుట, పగటి చలికంటె మేలు. వేరొక చోటినుండి తెచ్చిన టేపును ఒక దినము గదిలో నుంచి, అచ్చటి వాతావరణమునకు అలవడిన పిమ్మటనే డ్రైవులో పెట్టవలెను.

సూచిక, తాళము, తరము

బ్యాకప్ సాఫ్ట్‌వేరు ఏ ఫైలు ఏ టేపున ఎచ్చట నున్నదో తెలుపు సూచికను సాధారణముగా డిస్కుపై నుంచును. ఆ డిస్కే నశించినచో టేపు లున్నను సూచిక లేక, వానిని మొదటినుండి తుదివరకు నడిపించి సూచికను పునర్నిర్మింపవలసి వచ్చును. కావున సూచికకును ప్రత్యేకముగా ప్రతి యుండవలెను. రహస్యలిపిలో వ్రాసిన టేపునకు తాళపుసంకేతము పోయినచో సామగ్రియు పోయినట్లే. ఒక్క సాఫ్ట్‌వేరు మాత్రమే చదువగల రూపమున వ్రాయుటకంటె, టార్ వంటి బహిరంగరూపమున వ్రాయుట శ్రేయస్కరము.

తరముల భేదమును గమనింపవలెను. ఐదవతరపు టేపును ఐదు, ఆరు, ఏడు తరముల డ్రైవులు చదువును; 2017లో వచ్చిన ఎనిమిదవతరపు డ్రైవు చదువజాలదు. టేపు చెడకున్నను చదువు యంత్రము కరవగును. అందువలన సామగ్రిని కాలానుగుణముగా క్రొత్త తరమునకు మార్చి వ్రాసికొనవలెను.

తెలుగులిపి చిక్కులు

పై దోషములు అన్నిభాషలకు సమానములు. ఫైళ్ల పేర్లు తెలుగున నుండుటచే కలుగు చిక్కులు కొన్ని వేరుగా కలవు. యూనికోడు పాఠమును నిలుపు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ‘స్త్రీ’ యను ఒక్క అక్షరమున ఆరు సంకేతములు, అనగా 18 బైట్లు కలవు. పలు ఫైలువ్యవస్థలలో పేరునకు 255 బైట్లే మితి. అది 85 తెలుగు సంకేతములకు మించదు. పాత టార్ రూపమున పేరునకు గల గడి 100 బైట్లే. దానిలో 33 సంకేతములు పట్టును. గ్రంథనామము, కర్త, పరిష్కర్త అన్నియు పేరులో చేర్చిన ఫైలును అట్టి సాఫ్ట్‌వేరు వదలివేయవచ్చును, లేదా పేరును త్రుంచవచ్చును.

ఐత్వము మరియొక చిక్కు. యూనికోడున దీనిని ఒకే సంకేతముగా నైనను, ఎత్వమును ఐత్వపుగుర్తును కలిపి రెండు సంకేతములుగా నైనను వ్రాయవచ్చును. ఆపిల్ సంస్థ పాత ఫైలువ్యవస్థ పేర్లను రెండవ విధమున నిలుపును. ‘కైఫియత్తు’ అను పేరుగల ఫైలు అచ్చటినుండి టేపునకును, టేపునుండి వేరొక యంత్రమునకును చేరినప్పుడు కంటికి అదే పేరు కనబడును గాని వెదకినచో దొరకదు. ఒక్కొక్కప్పుడు ఒకే పేరున రెండు ఫైళ్లు ప్రత్యక్షమగును. టేపు చెడినదని, ఫైలు పోయినదని తలచుటకు ముందు ఈ భేదమును పరీక్షింపవలెను.

ఫైలు లోపలి పాఠమునకును ఇట్టి ప్రమాదము కలదు. 1991 నాటి ఇస్కీ సంకేతములలోను, ఆయా ఫాంటులకు ప్రత్యేకమైన సంకేతములలోను వ్రాసిన పాత ఫైళ్లు టేపునుండి అక్షరాలా తిరిగివచ్చినను, ఆ ఫాంటు లేనిచో చదువుటకు వీలుకాదు. ఫాంటును, సంకేతపట్టికను అదే టేపుపై చేర్చి వ్రాయవలెను.

పునఃపఠనము

వ్రాత ముగిసినదని సాఫ్ట్‌వేరు తెలుపుట పోలిక కాజాలదు. వ్రాయునప్పుడే ప్రతి ఫైలునకును సరిచూపు సంఖ్యను గణించి యుంచవలెను. సంవత్సరమున కొకమారైనను టేపును వేరొక డ్రైవులో పెట్టి, ఖాళీ యంత్రముపైకి సామగ్రిని తిరిగి తెచ్చి, సంఖ్యలను పోల్చవలెను. పిదప భాష తెలిసిన వారొకరు కొన్ని ఫైళ్లను తెరచి చదువవలెను, ధ్వనిముద్రణములనైనచో వినవలెను. సరిచూపు సంఖ్య బైట్లు మారలేదని మాత్రమే చెప్పును. అక్షరము అక్షరముగా నున్నదని చదువరియే చెప్పగలడు. మొదటి పని సాంకేతిక నిపుణునిది, రెండవది భాషాశాఖది. బ్రౌను కొలువులో లేఖకుని ప్రక్కన పండితుడు కూర్చుండిన కారణమును ఇదియే.