గోరుచుట్టు అనుకున్నది గోరుచుట్టు కాకపోవచ్చు

"జబ్బు ఊపిరితిత్తిలో అన్నారు, మరి వేలికి ఈ వాపేమిటి?" రోగి బంధువులు అడగవలసిన ప్రశ్నే ఇది.

ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం గుండె ఎడమభాగానికి చేరి, అక్కడి నుంచి తల మొదలు అరికాళ్ల వరకు పారుతుంది. ఆ రక్తంలో కలిసిన క్యాన్సర్ కణం ఎక్కడికైనా పోగలదు. ఎక్కువగా మెదడు, ఎముకలు, కాలేయం, మూత్రపిండాలపై టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులలో నాటుకుంటుంది. ప్రతి విత్తనం ప్రతి నేలలో మొలవదు కదా! క్యాన్సర్ గురించి 1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ చెప్పిన పోలిక ఇది. అయితే అరుదుగా, ఎవరూ ఊహించని నేలలోనూ మొలుస్తుంది.

వేలికొస అలాంటిదే. చేతి ఎముకలకు పాకే క్యాన్సర్లలో ముందుగా చెప్పుకోవలసింది ఊపిరితిత్తులదే. వేలు ఎర్రగా వాచి సలుపుతుంది, అచ్చం గోరుచుట్టులాగే. ఇంట్లో నిమ్మకాయ తొడుగుతారు, పసుపు పెడతారు, మందుల షాపులో మాత్రలు తెస్తారు. ఈలోగా వారాలు గడిచిపోతాయి. ఎక్స్‌రే తీస్తే లోపలి ఎముక తినేసినట్లు కనబడుతుంది. "మొన్ననే పెట్ స్కాన్ చేయించాం, అక్కడేమీ లేదన్నారు" అని ఊరుకోకండి. ఆ స్కాన్ సాధారణంగా పుర్రె అడుగు నుంచి తొడల మధ్య వరకే తీస్తారు. వేళ్లు, పాదాలు అందులో రాకపోవచ్చు.

మాడుపైనో ఛాతీపైనో గట్టి గడ్డ, చిగుళ్లపై రక్తం కారే కండ, ఒక కంటిచూపు మసకబారడం కూడా డాక్టరుగారికి చెప్పండి. చిన్నప్రేగు సంగతి వేరు. హఠాత్తుగా భరించలేని కడుపునొప్పి, ఆగని వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం కనిపిస్తే ప్రేగు చిల్లుపడి ఉండవచ్చు, మూసుకుపోయి ఉండవచ్చు, రక్తం కారుతూ ఉండవచ్చు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. నిజంగా గోరుచుట్టే కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయంతో ఆ పరీక్ష మానుకుంటే నష్టం రోగికే. ఊపిరితిత్తి నుంచి వచ్చినదని తేలితే అది రెండో క్యాన్సర్ కాదు, పాతదే. మందులు కూడా దానికి తగినవే ఇస్తారు. జబ్బు ముదిరిందన్నది నిజం, దాచి ప్రయోజనం లేదు. అయినా వేలి నొప్పి రేడియేషన్‌తో తగ్గవచ్చు. ముక్కలో కొన్ని జన్యుమార్పులు కనబడితే, కొందరికి రోజూ వేసుకునే మాత్రలతోనే చికిత్స సాగుతుంది.

మొదటి పరీక్ష వేరే ఊళ్లో జరిగిందా? ఆ రిపోర్టుతోపాటు, ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మను కూడా అక్కడ అడిగి తీసుకురండి. పాత ముక్కను, కొత్త ముక్కను పక్కపక్కన పెట్టి చూస్తారు.