సుంకం భారం ఎవరిది?

దిగుమతి సుంకాన్ని సరుకు పంపిన దేశం కట్టదు. తెప్పించుకున్న దిగుమతిదారే కస్టమ్స్‌కు చెల్లిస్తాడు. ఆ భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందన్నది ఎవరి బేరం గట్టిదనే దాన్ని బట్టి ఉంటుంది.

2018లో అమెరికా విదేశీ వాషింగ్ మెషీన్లపై సుంకం వేసింది. వాటి ధరలు సుమారు 12 శాతం పెరిగాయని ఆర్థికవేత్తలు తేల్చారు. సుంకమే లేని డ్రయ్యర్ల ధరలూ దాదాపు అంతే పెరిగాయి, ఎందుకంటే రెండూ ఎక్కువగా జతగానే అమ్ముడవుతాయి. కొత్తగా పుట్టిన ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు మోసింది ఏటా 8 లక్షల డాలర్లకు పైనే. ఉద్యోగాలు సృష్టించడానికి ఇది మరీ ఖరీదైన దారి.

అమ్మేవాడికి వేరే మార్కెట్ సులువుగా దొరకకపోతే అతడూ నలుగుతాడు. 2025 ఆగస్టులో భారత సరుకులు చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. దాంతో అమెరికాకు ఎగుమతయ్యే రొయ్యల ధర ఆంధ్రప్రదేశ్‌లో చెరువుల దగ్గరే పడిపోయింది. పట్టుబడికొచ్చిన రొయ్యను ఎక్కువ రోజులు ఆపలేని రైతు, కొనేవాళ్లు అడిగిన ధరకే ఇచ్చుకోవాల్సి వచ్చింది.