జైనూర్ కచేరీకి టిక్కెట్టు లేదు

సంక్రాంతికి ఇంటికి రాబోతున్నవాళ్లు ఈసారి తిరుగు ప్రయాణాన్ని కొన్ని రోజులు వెనక్కి జరుపుకోగలరేమో చూడండి. పుష్య అమావాస్య నాటికి ఉత్తర తెలంగాణ అడవుల్లో ఒక గొప్ప సంగీత సభ జరగబోతోంది. దానికి పోస్టర్లు పడవు, టిక్కెట్లు అమ్మరు, కళాకారుల పేర్లు ఎక్కడా అచ్చుకావు. మర్రిచెట్ల కింద జనం మధ్య కూర్చున్న ఒక పెద్దమనిషి మూడు తీగల వాయిద్యం మీద కమాను లాగుతూ ఒక వంశం కథ అందుకుంటాడు. వినాల్సింది ఆయన్ని.

ఆ వాయిద్యం పేరు కిక్రి. వాయించేవాళ్లు పర్ధాన్లు. రాజ్‌గోండులు వాళ్లను పటాడులని కూడా అంటారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం, దాని చుట్టూ ఉన్న ఉట్నూరు, నార్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాలు ఈ సంగీతానికి పుట్టిల్లు.

తీగ మీద వేళ్లాడించి సభను కట్టిపడేసినవాళ్లు మన తెలుగువాళ్లకు కొత్తకాదు. చిట్టిబాబు వీణ మీద కోయిలను పలికించారు. పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో 1983లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లి కర్ణాటక సంగీతం వినిపించి వచ్చాడు. తర్వాతి కాలంలో జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారిస్టు పక్కన కూర్చుని దీటుగా వాయించాడు. అలాంటి కచేరీలకు మనం ఒక మనిషి విద్య చూడటానికి వెళ్తాం. వేగం, గమకం, కొత్త పోకడ, ఆ మనిషి తిక్క కూడా మనకు ముచ్చటే. కిక్రి వాయించే పటాడి దగ్గర వేగం కోసం వెతికితే మాత్రం ఆశాభంగమే. ఆయన విద్యంతా జ్ఞాపకంలో ఉంది. తీగ ఆ జ్ఞాపకాన్ని తెగకుండా నడిపిస్తుంది.

రాజ్‌గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలని నాలుగు పెద్ద విభాగాలున్నాయి. ఒక్కో సగలో ఎన్నో ఇంటిపేర్లు. ఏ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, వాళ్ల వంశదైవం పెర్సాపెన్ ఎవరు, ఎవరితో వియ్యమందవచ్చు, ఎవరు అన్నదమ్ముల వరస అన్నదంతా కథలుగా అల్లి ఉంటుంది. ఆ కథలు పటాడి నోట్లో ఉంటాయి. పెర్సాపెన్ కొలుపులో ఆయన పాడితేనే తంతు నిండుతుంది. చావుకు ఆయన రావాలి, పెళ్లికి ఆయన రావాలి. ప్రతిఫలంగా ఆ వంశంవాళ్లు ధాన్యమో, బట్టలో, పశువో ఇస్తారు. అది దానం కాదు, తరతరాలుగా ఆయనకు చెల్లుతున్న హక్కు.

ఇందులో మరో విశేషం ఉంది. ఆదిలాబాద్ వైపు పర్ధాన్లు చాలామంది ఇళ్లలో మాట్లాడేది మరాఠీ. అయినా గోండుల పురాణాన్ని గోండీలో కాపాడుతున్నది వాళ్లే. పిల్లలకు తెలుగు నిలబడుతుందా లేదా అని బెంగపడే విదేశాల్లోని మన తెలుగు సంఘాలు కాస్త ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇది. అక్కడ భాషను నిలబెట్టింది ఇంట్లో మాటలొక్కటే కాదు. ఆ భాష లేకపోతే జరగని పని ఒకటి ఊళ్లో ఉంది.

కిక్రికి ఆ గౌరవం ఎందుకో చెప్పే కథ గోండుల్లో ఉంది. పూర్వం వాళ్ల దేవతలైన పిల్లలు ఒక గుహలో బందీలయ్యారు. గుహ ద్వారానికి పెద్ద బండ అడ్డం. గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ వాళ్లను విడిపించడానికి పూనుకుంటే, హీరాసుక అనే వాద్యగాడు తన తీగ వాయిద్యం అందుకున్నాడు. ఆ నాదం విని లోపలి పిల్లలకు ఎక్కడలేని సత్తువ వచ్చింది. అందరూ ఒక్కసారిగా తోశారు, బండ దొర్లింది. పిల్లలు బయటపడ్డారు గాని బండ కింద పడి హీరాసుక ప్రాణం పోయింది. ఈ కథ ఊరూరా కొంత మారుతుంది. మహారాష్ట్రలోని కచార్‌గఢ్ గుహల దగ్గర ఏటా మాఘ పున్నమికి జరిగే జాతర కూడా ఈ కథ చుట్టూ అల్లుకున్నదే.

ఈ పాటలు పుస్తకానికి ఎక్కడంలో జైనూర్ మండలంలోని మార్లవాయికి పెద్ద పాత్ర ఉంది. 1940లో నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండీలో చదువు చెప్పే పంతుళ్లకు అక్కడే శిక్షణ కేంద్రం వెలిసింది. 1948లో వచ్చిన ఆయన పుస్తకం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లోని పురాణ భాగానికి ఆధారం పర్ధాన్ల గానమే. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే సమాధి మార్లవాయిలో కట్టారు. హైమెండార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు ఆయన పాఠాలు చెప్పిన లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని మనవాళ్లకు జైనూర్ అంత దగ్గర్లోనే ఉందన్నమాట.

అదే మార్లవాయి నుంచి గుస్సాడీ కనకరాజు వచ్చారు. దీపావళి ముందు దండారి రోజుల్లో గుస్సాడీలు నెమలీకల కిరీటం పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, చేతిలో కర్రతో ఊరూరా తిరుగుతారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఉరుముతారు, బెదిరిస్తారు, నవ్విస్తారు. వెనక డోలు మోగుతుంటే పెప్రె సన్నాయిలా సాగుతుంది, కాలికోం కొమ్ము దూరాన్నుంచే రాకను చాటుతుంది. ఆ ఆటను ఢిల్లీ రిపబ్లిక్ డే వేడుకల దాకా తీసుకెళ్లిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన పోయారు. అప్పటికే చాలామంది కుర్రాళ్లకు నేర్పి ఉండటం వల్ల ఆట ఆగలేదు.

తీగ వాయిద్యాల పరిస్థితి అంత బాగా లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. సంతోషమే. కాని ఆ ఇద్దరి గురించి రాసిన చాలాచోట్ల 'చివరి తరం' అన్న మాట కనిపించింది. ఆటను పదిమంది కలిసి నేర్చుకోవచ్చు. కథాగానం అలా కాదు. గురువు వెంట ఏళ్ల తరబడి తిరగాలి, రాత్రంతా సాగే కథను గుండెకెత్తుకోవాలి. ఇచ్చే ఇళ్లలోనే పంట అంతంతమాత్రం అయినప్పుడు, ఆ ఏళ్లు ధారపోయమని కొడుకుతో ఏ పటాడి అనగలడు? పర్ధాన్లు చదువుల్లోకి త్వరగా వెళ్లారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. అందులో తప్పు పట్టడానికి మనమెవరం?

నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల పుణ్యమా అని గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అక్షరం కంప్యూటర్‌కు చేరింది. గొంతు కూడా చేరాలి. అక్కడ మన సంఘాల చెయ్యి అందుతుంది. మొదటి పని, ఒక కథను మొదటి నుంచి చివరిదాకా, పాడేవాళ్ల ఇష్టంతో, వాళ్ల పేరుతో, వాళ్లకు తగిన పారితోషికమిచ్చి రికార్డు చేయించడం. రెండోది, నేర్చుకునే ఒక్క కుర్రాడికైనా రెండు మూడేళ్లు జీతం లాంటిది ఏర్పాటు చేయడం. మూడోది కొంచెం కష్టం. మన ఉత్సవాల్లో జానపదమంటే రెండు సినిమా డాన్సుల మధ్య ఐదు నిమిషాల ఐటెం. కిక్రిని పిలిస్తే మూడు గంటల సమయం ఇవ్వాలి, పక్కన గోండీ తెలిసిన మనిషి కూర్చుని కథ విప్పి చెప్పాలి. ఏ పాట వేదిక మీద పాడవచ్చో, ఏది దేవుడి ముందే పాడాలో తేల్చే హక్కు పటాడిదే.

అంతకు ముందు మీరే ఒకసారి వెళ్లి వినండి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశీయులు, కాలినడకన గోదావరి నుంచి మోసుకొచ్చిన నీళ్లతో నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. అంతకు ముందు వాళ్లు మర్రిచెట్ల కింద బస చేసినప్పుడు పర్ధాన్లు కిక్రి మీద వంశచరిత్ర వినిపిస్తారు. జైనూర్ నుంచి ఉట్నూరు మీదుగా దారి. 'రాం రాం' అని పలకరించి ఓ పక్కన కూర్చోండి, ఫొటో తీసే ముందు అడగండి. కథ అర్థం కాకపోతే పక్కవాళ్లను అడిగితే తెలుగులో చెబుతారు. ఆ తర్వాత, వచ్చే ఏడాది ఉత్సవ కమిటీ సమావేశంలో సినిమా సంగీత విభావరి ఖర్చు లెక్క వచ్చినప్పుడు, అందులో కిక్రికి ఒక వాటా అడగండి.