వంతెన లేచింది... మనసులే కలవాలి!

నది ఒకటే. అటో గట్టు, ఇటో గట్టు, మధ్యన ఓ రాతి వంతెన. ఆ వంతెన కూలిన రోజున ఊరు కన్నీళ్ళు పెట్టుకుంది. తిరిగి కట్టిన రోజున మురిసిపోయింది. అయితే ఆ ఊరివాళ్ళు తమ కౌన్సిల్‌కి ఓటు వేయడానికి మాత్రం పన్నెండేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఆ ఓటును తిరిగి తెచ్చిపెట్టింది ఎవరనుకున్నారు? ఓ పంతులమ్మ!

ఆ ఊరి పేరు మొస్తార్. యూరప్ పటం తీసి ఇటలీకి తూర్పువైపు చూడండి. సన్నటి సముద్రం దాటగానే కొండలూ గుట్టలతో నిండిన బాల్కన్ ప్రాంతం కనిపిస్తుంది. అందులో బోస్నియా-హెర్జెగోవినా ఓ చిన్న దేశం. దాని దక్షిణ భాగంలో నెరెత్వా నదికి రెండు వైపులా పరుచుకుని ఉంటుందీ పట్టణం. 2013 జనాభా లెక్కల్లో చుట్టుపక్కల పల్లెలతో కలిపి లక్షా అయిదు వేల పైచిలుకు జనం తేలారు.

నెరెత్వా పొడవు సుమారు 225 కిలోమీటర్లు. సున్నపురాతి కొండల నడుమ పరుగులు తీస్తూ వెళ్ళి అడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. నీళ్ళు పచ్చరాయిలా మెరుస్తుంటాయి. మండు వేసవిలో దిగినా వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన! ఊళ్ళో మాత్రం ఎండ చుర్రుమంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటడం అక్కడివాళ్ళకి వింతేమీ కాదు. ఆ ఎండ పుణ్యమా అని దానిమ్మ, అంజూర, ద్రాక్ష విరగకాస్తాయి.

వంతెనే ఇంటిపేరు

వాళ్ళ భాషలో 'మోస్ట్' అంటే వంతెన. వంతెనకి కాపలా కాసేవాళ్ళని 'మొస్తారి' అనేవారు. ఊరికి ఆ పేరే నిలిచిపోయింది. మొదట్లో ఇక్కడ గొలుసులకి వేలాడే చెక్క వంతెన ఉండేది. దాటాలంటే గుండెలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. దాని స్థానంలో టర్కీ సుల్తాను సులేమాన్ రాతి వంతెన కట్టమని ఆజ్ఞాపించాడు. శిల్పి పేరు మిమార్ హైరుద్దీన్. 1557లో మొదలుపెట్టిన పని 1566లో పూర్తయింది. మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా, సుమారు 29 మీటర్ల మేర విల్లులా వంగిన ఒకే ఒక్క కమాను!

దీనిమీద ఓ కథ చెప్పుకుంటారు. కూలిందంటే నీ తల తీయిస్తానని సుల్తాను బెదిరించాడట. పరంజా విప్పే రోజున పాపం ఆ శిల్పి తన గొయ్యి తానే తవ్వుకుని కూర్చున్నాడట. వంతెన మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాత 427 ఏళ్ళు నిలబడింది. పెళ్ళి ఊరేగింపులు, బజారుకెళ్ళే బామ్మలు, బడికెళ్ళే పిల్లలు అంతా దాని మీదుగానే. వేసవిలో కుర్రాళ్ళు ఇరవై మీటర్లకి పైబడిన ఆ ఎత్తు నుంచి నదిలోకి దూకడం తరతరాల ముచ్చట.

గుత్తి వంకాయ కాదు, గుత్తి ఉల్లిపాయ!

ఇక ఇళ్ళలోకి తొంగిచూద్దామా? పాతకాలపు ఇళ్ళకి వీధివైపు ఎత్తయిన గోడ, లోపల గులకరాళ్ళు పరిచిన ముంగిలి, పందిరి కింద చల్లటి నీడ. ఆడవాళ్ళకి వేరుగా గదులు ఉండేవి. మన మండువా లోగిలి గుర్తుకు రావడం లేదూ?

వంటింట్లో పేరున్న పని 'పీత'. పిండిని పెద్ద బల్లమీద పరిచి సాగదీసి సాగదీసి, మన పూతరేకుకి తోబుట్టువా అనిపించేంత పల్చన చేస్తారు. లోపల పాలకూర, జున్నులాంటి చీజ్, ఆలుగడ్డ ఏదో ఒకటి పెట్టి చుట్టి కాలుస్తారు. చిరగకుండా సాగదీయగలిగిన కోడలికి అత్తగారి దగ్గర మార్కులు పడేవి! మొస్తార్‌కి ప్రత్యేకమైన వంట 'సొగన్ దోల్మా'. మనం గుత్తి వంకాయలో కారం కూరినట్టు వాళ్ళు ఉల్లిపాయ పొరల్లో మాంసం, బియ్యం కూరి సన్నటి సెగమీద ఉడికిస్తారు.

కాఫీ మాటకొస్తే అది తాగడం కాదు, ఓ వేడుక. పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నె 'జెజ్వా'లో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి, నురగ పొంగేదాకా సెగ చూపిస్తారు. పిడి లేని బుల్లి కప్పులో పోసుకుని, చక్కెర బిళ్ళ కాస్త కొరుకుతూ, గుక్క గుక్కకీ ఓ కబురు చెప్పుకుంటారు. పొరుగింటావిడ కాఫీకి వచ్చిందంటే గంటకి తక్కువ కాదు. ఆ పొరుగావిడ ముస్లిమా, కేథలిక్కా, ఆర్థడాక్స్ క్రైస్తవురాలా అని ఒకప్పుడు ఎవరూ లెక్క పెట్టుకోలేదు. మతాంతర వివాహాలు ఎక్కువగా జరిగే ఊరని మొస్తార్‌కి పేరు. ఇక్కడి సెర్బ్ క్రైస్తవ కవి అలెక్సా శాంతిచ్ కూజా పట్టుకున్న ముస్లిం అమ్మాయి 'ఎమీనా' అందం మీద 1902లో రాసిన కవిత, పాటగా మారి అందరి నోళ్ళలోనూ నానింది.

ఆ నవంబరు రోజు

1992లో బోస్నియా యుద్ధం మొదలైంది. ముందు యుగోస్లావ్ సైన్యం, సెర్బు బలగాలు ఊరిమీద గుండ్లు కురిపించాయి. అప్పుడు బోస్నియా ముస్లింలు, క్రొయేట్లు కలిసే ఎదుర్కొన్నారు. 1993 వచ్చేసరికి ఆ ఇద్దరే ఒకరిమీద ఒకరు తుపాకులెత్తారు. తూర్పున ముస్లింలు, పడమర క్రొయేట్లు. మధ్యలో పెద్ద రోడ్డు యుద్ధరేఖ అయిపోయింది. తూర్పు వైపు కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళు లేవు. బిందెడు నీళ్ళ కోసం గడప దాటితే తిరిగొస్తామన్న నమ్మకం లేదు.

1993 నవంబర్ 9న క్రొయేట్ బలగాల ఫిరంగి గుండ్ల దెబ్బలకి వంతెన కుప్పకూలి నెరెత్వాలో పడిపోయింది. అప్పట్లో క్రొయేషియా రచయిత్రి స్లావెంకా ద్రాకులిచ్ ఓ వ్యాసంలో తనని తానే నిలదీసుకున్నారు. యుద్ధంలో చనిపోయిన స్త్రీ ఫోటో చూసినప్పటికన్నా కూలిన వంతెన ఫోటో చూస్తే ఎందుకు ఎక్కువ బాధ కలుగుతోంది అని. మనిషి ఎప్పటికైనా పోతాడని మనకు తెలుసు, వంతెన మాత్రం మన తర్వాత కూడా ఉండాలని కట్టుకున్నది కదా అన్నది ఆమెకు తోచిన జవాబు.

1994లో కాల్పులు ఆగాయి. యునెస్కో, ప్రపంచ బ్యాంకు, మరికొన్ని దేశాలు చేయి వేశాయి. పాత వంతెనకి వాడిన రకం రాయినే తెచ్చి, పాత పద్ధతిలోనే రాళ్ళని ఇనుప కొక్కేలతో బిగించి సీసం పోశారు. 2004 జూలై 23న వంతెన మళ్ళీ తెరుచుకుంది. మరుసటి ఏడాదే ప్రపంచ వారసత్వ సంపద జాబితాలోకి ఎక్కింది.

అన్నీ రెండేసి

కథ కంచికి చేరిందనుకున్నారా? అక్కడే ఉంది అసలు చిక్కు. రాళ్ళని అతికించినట్టు మనుషుల్ని అతికించలేం కదా! ఊళ్ళో రెండు యూనివర్సిటీలు, రెండు ఫుట్‌బాల్ జట్లు. పేరుమోసిన పాత జిమ్నాసియం హైస్కూలులో ఒకే కప్పు కింద రెండు పాఠ్య ప్రణాళికలు. ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమవుతుంది, కానీ ఒకరు బోస్నియన్ అంటారు, మరొకరు క్రొయేషియన్ అంటారు! 2006లో అదే భవనంలో మొదలైన అంతర్జాతీయ కాలేజీలో మాత్రం అన్ని వర్గాల పిల్లలూ, విదేశీ పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుని చదువుతున్నారు.

ఈ రెండు ముక్కలాట చివరికి ఓటునే మింగేసింది. నగర ఎన్నికల నిబంధనలు చెల్లవని 2010లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. వాటిని ఎలా మార్చాలన్న దానిమీద పెద్ద పార్టీలకి పొత్తు కుదరలేదు. దాంతో 2008 తర్వాత ఎన్నికలే లేవు. మేయరు ఆపద్ధర్మంగా కొనసాగారు, అడగడానికి కౌన్సిల్ లేదు.

అప్పుడు ముందుకొచ్చారు ఇర్మా బరాలియా. ఫిలాసఫీ పాఠాలు చెప్పే టీచర్. 'నా ఊళ్ళో నేను ఓటు వేయలేకపోవడం, పోటీ చేయలేకపోవడం వివక్ష కాదా' అంటూ సొంత దేశం మీదే యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. 2019 అక్టోబరులో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. 2020 డిసెంబర్ 20న మొస్తార్ ప్రజలు క్యూ కట్టారు. 2009లో పద్దెనిమిది నిండిన అమ్మాయి ఊరి ఎన్నికల్లో తొలి ఓటు వేసేసరికి ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు! ఆ ఎన్నికల్లో బరాలియా కౌన్సిలర్‌గా గెలిచారు. 2024లో ఎన్నికలు మళ్ళీ సమయానికి జరిగాయి.

దానితో ఊరు ఒక్కటైపోయిందని కాదు. ఇప్పటికీ చాలామంది పిల్లలు ఎవరి బడికి వాళ్ళే వెళ్తున్నారు. అయినా ఏళ్ళ తరబడి మూసుకుపోయిన తలుపు ఓ మామూలు టీచర్ తడితే తెరుచుకుంది. 'మనవల్ల ఏమవుతుందిలే' అని మనం అనుకునే రోజున ఆ పంతులమ్మని ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలదూ?