పిల్లి మెడలో మువ్వ: ముద్దు కోసమా, మేలు కోసమా?

"పిల్లి మెడలో గంట కట్టేదెవరు?" ఎలుకల సభ కథ చిన్నప్పుడు మనమంతా విన్నదే. పాపం, ఎలుకలకు ధైర్యం చాలలేదు గాని, ఈ రోజుల్లో ఆ పని మనమే చేసేస్తున్నాం. ఇంటికి పిల్లికూన వచ్చిందంటే చాలు, మెడకో ఎర్ర బెల్టు, దానికో మువ్వ! ఘల్లుఘల్లుమంటూ కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో పెంచేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మరి ఆ మువ్వ వల్ల పిల్లికి గాని, పిట్టకు గాని, మనకు గాని నిజంగా మేలు జరుగుతోందా? ఎప్పుడైనా ఆలోచించారా?

గుడిమల్కాపూర్‌లో జరిగిన ఓ సంగతి చెబుతాను, వినండి. జాంబాగ్ నుంచి 2009లో తరలివచ్చిన పూల మార్కెట్టు అక్కడే ఉంది కదా. ఆ దగ్గర్లో ఇంట్లోనే కూర్చుని దండలు కట్టే ఒకావిడ, ఎలుకల బాధ పడలేక పిల్లిని తెచ్చుకుంది. పక్కింటి ఖాలా వాళ్ళ మల్లెతీగలో పిగిలిపిట్ట, అదే బుల్‌బుల్, గూడు పెట్టింది. ఖాలా రోజూ దానికి గిన్నెలో నీళ్ళు పెట్టి, మనవరాలికి చూపిస్తూ మురిసిపోయేది. ఓ పొద్దున చూస్తే గూడు ఖాళీ! కింద నాలుగు ఈకలు.

"నీ పిల్లి పనే బేటీ" అంది ఖాలా. అంతే, రెండిళ్ళకూ మాటల్లేవు.

ఇరుగుపొరుగు తగవు ఎందుకని ఈవిడ ఆ సాయంత్రమే పిల్లి మెడకు మువ్వ కట్టింది. దేనితో అనుకున్నారు? చేతిలో ఉన్న పూలదారంతో! అప్పటికి పిల్లి ఇంకా పూర్తిగా ఎదగలేదు. మెడ లావయింది, దారం మాత్రం అలాగే ఉంది. రెండు నెలలకు పిల్లి తిండి మానేసింది, దగ్గరికొస్తే ఒకటే వాసన. బొచ్చు పాయ తీసి చూస్తే దారం కండలో దిగిపోయి ఉంది. పశువుల డాక్టరు మత్తిచ్చి, దారం కోసి తీసి, కుట్లు వేశాడు. ప్రాణం దక్కింది.

"పిట్టలు బతుకుతయని కట్టిన అక్కా. దాని మెడే కోస్తదని నాకేం ఎర్క?" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తప్పు మువ్వది కాదు, కట్టిన దారానిది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది.

మువ్వ పిట్టను కాపాడుతుందా?

ఈ విషయం మీద బ్రిటన్‌లో చాలా పరిశీలనలే జరిగాయి. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 21 పిల్లులకు నాలుగు వారాలు మువ్వ కట్టి, నాలుగు వారాలు తీసేసి చూశారు. మువ్వ ఉన్నప్పుడు అవి ఇంటికి తెచ్చిన వేట దాదాపు సగానికి తగ్గింది. 2005 నాటి మరో పరిశోధనలో పక్షుల వేట 41 శాతం, ఎలుకల వంటి జంతువుల వేట 34 శాతం తగ్గాయి. "ఇంకేం, కట్టేద్దాం!" అంటారా? ఆగండి. 2021లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు మూడు వందలకు పైగా పిల్లులను పరిశీలిస్తే, మువ్వ వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లి వేటాడేటప్పుడు పరుగులు తీయదు. పొంచి, ఒళ్ళు కదపకుండా కూర్చుంటుంది. మెడ కదలకపోతే మువ్వ మోగేదెలా? పైగా మువ్వ వినిపించినా ఎగిరిపోగలిగేది రెక్కలొచ్చిన పిట్టే. గూట్లో ఉన్న కూనకు చప్పుడు వినిపించి ఏం లాభం? ఖాలా వాళ్ళ మల్లెతీగలో ఉన్నవి అలాంటి కూనలే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిట్టకు వినిపించే మువ్వ ఎలుకకూ వినిపిస్తుంది. ఎలుకల కోసమని పిల్లిని తెచ్చుకుని, దానికి మువ్వ కడితే మన పని మనమే చెడగొట్టుకున్నట్టు.

పిల్లి చెవి మాటేమిటి?

మన చెవి 20 కిలోహెర్ట్జ్ వరకే వింటుంది. పిల్లి దాదాపు 85 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది. అంత చురుకైన చెవి పక్కనే పొద్దస్తమానం మువ్వ మోగుతుంటుంది. చాలా పిల్లులు కొద్దిరోజుల్లో అలవాటు పడిపోతాయి. కాని మీ పిల్లి మెడ గీరుకుంటూ, మూల నక్కుతూ, తిండి తగ్గిస్తే పట్టుదలకు పోకండి. తీసేయండి.

కట్టాలనే అనుకుంటే...

1. దారం, నాడా, రిబ్బను, రబ్బరుబ్యాండు ఎట్టి పరిస్థితిలోనూ కట్టకండి.

2. గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే బ్రేక్‌అవే బెల్టు కొనండి. కిటికీ ఊచకో కొమ్మకో చిక్కుకుంటే బెల్టు పోతుంది గాని పిల్లి ప్రాణం పోదు. సాగే ఎలాస్టిక్ బెల్టు వద్దు. ముందు కాలు అందులో దూరి చంకలో కోసుకుపోతుంది.

3. బెల్టుకూ మెడకూ మధ్య మీ వేళ్ళు రెండు పట్టాలి. అంతకంటే వదులైనా, బిగువైనా ప్రమాదమే.

4. ఎదిగే కూనలకు వారం వారం వదులు చేయాలి. ఆరు నెలలు నిండేదాకా ఆగితే ఇంకా మంచిది.

5. రోజుకోసారి బొచ్చు పాయ తీసి మెడ చూడండి. ఎరుపు, పుండు, బొచ్చు ఊడటం కనిపిస్తే బెల్టు విప్పి డాక్టరుకు చూపించండి.

6. బెల్టు మీద మీ ఫోన్ నంబరు రాయించండి. తప్పిపోయిన పిల్లి ఇల్లు చేరడానికి మువ్వ కంటే అదే ఎక్కువ సాయం.

మువ్వ కంటే మేలైనవి

ఎక్సెటర్ వాళ్ళ పరిశోధనలో మన వంటింటికి పనికొచ్చే విషయం ఒకటుంది. మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు తెచ్చిన వేట 36 శాతం తగ్గింది. మనం పెరుగన్నం పెట్టి, "కడుపు నిండా పెడుతున్నా ఈ దొంగబుద్ధి పోదేం?" అని తిడుతుంటాం. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే దాని కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ఎముకల్లేని ఉడికించిన కోడిమాంసం, చేప కొంచెం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం తగలనివ్వకండి, పిల్లికి అవి విషం. ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు బజారులో దొరికే పిల్లి ఆహారం కొనవచ్చు.

రోజూ ఐదు పది నిమిషాలు పుల్లకు ఈక కట్టి పిల్లిని ఆడించినా వేట 25 శాతం తగ్గిందట. ఖర్చు లేని పని, పిల్లలకూ సరదా. ఆట అయ్యాక పుల్లా దారం దాచేయండి. పిల్లి మింగిందంటే పేగులకు చుట్టుకుంటుంది.

ఇక తెల్లవారుజామున, మునిమాపు వేళ పిల్లిని ఇంట్లోనే ఉంచండి. పిట్టలు గూళ్ళు పెట్టే రోజుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. బుల్‌బుల్ కూనలు గుడ్డులోంచి వచ్చిన రెండు వారాల్లోపే గూడు వదిలేస్తాయి. ఆ పదిపన్నెండు రోజులు తలుపు వేసుకోలేమా? రేబీస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయిస్తే తిరుగుళ్ళూ తగ్గుతాయి, వీధిలో తగవులూ తగ్గుతాయి.

దండలు కట్టే ఆవిడ ఇప్పుడు చేస్తున్నది ఇదే. తెల్లారేదాకా పిల్లి ఇంట్లోనే ఉంటుంది, మెడ బోసిగా ఉంటుంది. మల్లెతీగలో మళ్ళీ గూడు కనిపించిన రోజున ఖాలాయే గోడ మీదుగా పిలిచింది. "బేటీ, పిట్ట వచ్చింది. పిల్లిని జర చూసుకో."

ఆ ఒక్క మాట చేసిన పని ఏ మువ్వా చేయలేదు. ఈ సాయంత్రం మీ పిల్లిని ఒళ్ళోకి తీసుకున్నప్పుడు, మెడ దగ్గర బొచ్చు ఒకసారి పాయ తీసి చూడండి. చూస్తారు కదూ?